పాత ఏఐ భాషల్లో దేనితో మొదలుపెట్టాలి? ప్రోలాగ్‌లో తొలి ప్రోగ్రామ్‌ను తెలుగులోనే రాయడం ఎలా

ఏఐ గురించి రాసినప్పుడల్లా పాఠకులు రెండు ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. ఏఐ పరిశోధన కోసమే పుట్టిన తొలి భాషల్లో ఇప్పటికీ నేర్చుకోదగ్గది ఏది? ఇంగ్లిష్ మాటలు లేకుండా, తెలుగులోనే ప్రోగ్రామ్ రాయవచ్చా? రెండింటికీ నా జవాబు ఒకటే: ప్రోలాగ్. ఊరికే చదివి వదిలేయకుండా కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో మెట్టూ చేసి చూడండి.

ముందుగా ఎంపిక సంగతి క్లుప్తంగా. 1950ల మధ్యలో అలెన్ న్యూవెల్, క్లిఫ్ షా, హెర్బర్ట్ సైమన్ తర్కంలోని సిద్ధాంతాలను నిరూపించే ప్రోగ్రామ్ కోసం ఐపీఎల్ అనే భాషను తయారుచేసుకున్నారు. జాబితాలతో పనిచేయడం అందులోంచే వచ్చింది. కానీ ఈరోజు ఐపీఎల్‌తో మొదలుపెట్టమని ఎవరికీ చెప్పను, అది చరిత్రగా చదువుకోవాల్సిన భాష. 1958లో ఎమ్‌ఐటీలో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్ ఇప్పటికీ బతికే ఉంది, గొప్ప భాష. మీకు ప్రోగ్రామింగ్ ఇదివరకే వచ్చి ఉంటే లిస్ప్ కుటుంబంలోని రాకెట్‌తో మొదలుపెట్టినా మంచిదే. అయితే లిస్ప్‌లో ప్రతి పనికీ ఒక ఇంగ్లిష్ మాట కావాలి. 1972లో ఫ్రాన్స్‌లోని మార్సే నగరంలో అలెన్ కోల్మెరావర్, ఫిలిప్ రూసెల్ రూపొందించిన ప్రోలాగ్‌లో అసలు వ్యాకరణమంతా గుర్తులే: చుక్క, కామా, బ్రాకెట్లు, ఇంకొన్ని. మిగతా మాటలన్నీ మనవి. అందుకే పూర్తిగా తెలుగు లిపిలో నడిచే ప్రోగ్రామ్ రాయడం అందులో సాధ్యం.

కావలసినవి

ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ కొత్త వెర్షన్ ఒకటి. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ దొరుకుతుంది. పాత వెర్షన్ వద్దు, ముఖ్యంగా విండోస్‌లో తెలుగు అక్షరాలు చెడిపోయే ప్రమాదం ఉంది. ఏమీ ఇన్‌స్టాల్ చేయలేని పరిస్థితి ఉంటే, అదే ప్రోలాగ్ బ్రౌజర్‌లో నడిచే స్విష్ అనే రూపం ఉంది. ఫోన్‌లో కూడా పనిచేస్తుంది. కాకపోతే స్విష్‌లో సేవ్ చేసినవి ఇతరులకు కనబడవచ్చు కాబట్టి మీ ఇంటివాళ్ల వివరాలు అందులో పెట్టకండి.

తెలుగు టైపు చేసే కీబోర్డు కావాలి. నోట్‌ప్యాడ్ లాంటి సాదా ఎడిటర్ కావాలి. వర్డ్‌లో రాయకండి, అది కొటేషన్ గుర్తులను వంకరవిగా మార్చేస్తుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది జవాబులు ముందే తెలిసిన ఒక కుటుంబం. ప్రోగ్రామ్ తప్పు చెప్పినప్పుడు వెంటనే పట్టుకోవాలంటే అదే దారి. నేను భారతంలోని వాళ్లను తీసుకున్నాను.

1. ఫైలు తయారుచేయడం

నోట్‌ప్యాడ్‌లో ఖాళీ ఫైలు తెరిచి, కుటుంబం అని పేరుపెట్టి, చివర చుక్క పెట్టి ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో పీ, ఎల్ చేర్చి సేవ్ చేయండి. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి. నోట్‌ప్యాడ్ తనంతట తాను చివర టెక్స్ట్ ఫైలు తోక తగిలిస్తుంది; సేవ్ చేసే పెట్టెలో ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే ఆ బాధ ఉండదు.

2. తెలిసిన విషయాలు చెప్పడం

వీటిని ఫ్యాక్టులు అంటారు. ఇలా రాయండి:

తండ్రి(శూరుడు, వసుదేవుడు).
తండ్రి(శూరుడు, కుంతి).
తండ్రి(వసుదేవుడు, బలరాముడు).
తండ్రి(వసుదేవుడు, కృష్ణుడు).
తండ్రి(వసుదేవుడు, సుభద్ర).
తండ్రి(బలరాముడు, శశిరేఖ).
తండ్రి(పాండురాజు, ధర్మరాజు).
తండ్రి(పాండురాజు, భీముడు).
తండ్రి(పాండురాజు, అర్జునుడు).
తండ్రి(పాండురాజు, నకులుడు).
తండ్రి(భీముడు, ఘటోత్కచుడు).
తండ్రి(అర్జునుడు, అభిమన్యుడు).

తల్లి(కుంతి, ధర్మరాజు).
తల్లి(కుంతి, భీముడు).
తల్లి(కుంతి, అర్జునుడు).
తల్లి(మాద్రి, నకులుడు).
తల్లి(హిడింబ, ఘటోత్కచుడు).
తల్లి(సుభద్ర, అభిమన్యుడు).
తల్లి(రేవతి, శశిరేఖ).

మగ(వసుదేవుడు). మగ(బలరాముడు). మగ(కృష్ణుడు).
మగ(ధర్మరాజు). మగ(భీముడు). మగ(అర్జునుడు). మగ(నకులుడు).
మగ(ఘటోత్కచుడు). మగ(అభిమన్యుడు).
ఆడ(కుంతి). ఆడ(సుభద్ర). ఆడ(శశిరేఖ).

కుంతి కుంతిభోజుడికి దత్తత వెళ్లినా కన్నతండ్రి శూరుడే కాబట్టి అలాగే రాశాను. శశిరేఖ వ్యాస భారతంలో లేదు, మన తెలుగు కథల్లోని పిల్ల. మనకు మేనరికం పరీక్షించడానికి ఆమె కావాలి.

మొదటి పేరు, రెండో పేరు దేనికో ముందే నిర్ణయించుకోండి. ఇక్కడ మొదటిది తండ్రి, రెండోది బిడ్డ. ప్రోలాగ్‌కు ఈ తేడా తెలియదు, మీరే నిలబెట్టాలి. ఒక్క వరసలో తారుమారైనా తరవాత వచ్చే జవాబులన్నీ తలకిందులవుతాయి, ఎర్రర్ మాత్రం రాదు.

ఇక్కడ జరిగే తప్పులు: వాక్యం చివర చుక్క మర్చిపోవడం, తండ్రి అన్న మాటకూ బ్రాకెట్‌కూ మధ్య ఖాళీ వదలడం (వదలకూడదు, ఎర్రర్ వస్తుంది), ధర్మ రాజు అని రెండు ముక్కలుగా రాయడం. పేరులో ఖాళీ కావాలంటే మొత్తం పేరును నిటారు ఒంటి కొటేషన్లలో పెట్టండి: 'ధర్మ రాజు'.

తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. పొల్లుతో ఆగే మాటలు టైపు చేసేటప్పుడు కొన్ని కీబోర్డులు కంటికి కనబడని ఒక అక్షరాన్ని మధ్యలో చేరుస్తాయి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. తరవాతి హల్లు వత్తుగా మారకుండా ఆపడం దాని పని. మామూలు రాతలో అది అవసరమే, కానీ ప్రోలాగ్ పేరులో చెల్లదు. కొటేషన్లలో పెడితే చెల్లుతుంది గానీ, అది ఉన్న పేరూ లేని పేరూ చూడటానికి ఒకటే అయినా ప్రోలాగ్‌కు వేర్వేరు మనుషులు. అందుకే ప్రోగ్రామ్‌లోని పేర్లన్నీ అచ్చుతో ముగిసేవిగా పెట్టుకోమని నా సలహా: అర్జున్ వద్దు, అర్జునుడు ముద్దు.

3. ఫైలు లోడ్ చేసి మొదటి ప్రశ్న వేయడం

ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే ప్రోలాగ్ తెరవండి. ప్రశ్నార్థకం, అడ్డగీత కలిసిన గుర్తు కనబడుతుంది. అక్కడ ఇలా టైపు చేసి ఎంటర్ నొక్కండి:

[కుటుంబం].

ట్రూ అని వస్తే ఫైలు లోపలికి వెళ్లింది. ఇప్పుడు:

తండ్రి(వసుదేవుడు, కృష్ణుడు).

ట్రూ రావాలి. తరవాత:

తండ్రి(వసుదేవుడు, _ఎవరు).

కింద గీతతో మొదలైన మాట వేరియబుల్, అంటే తెలియని మనిషి. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు పెద్ద అక్షరంతో వేరియబుల్ మొదలుపెడతారు. తెలుగులో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు కాబట్టి మనకు గీతే దారి. గీతకూ మాటకూ మధ్య ఖాళీ ఉండకూడదు.

బలరాముడు అని వచ్చి ఆగుతుంది. సెమికోలన్ నొక్కితే కృష్ణుడు, మళ్లీ నొక్కితే సుభద్ర. ఎంటర్ నొక్కితే అక్కడితో ఆపేస్తుంది. స్విష్‌లో ఉన్నవాళ్లు ఫ్యాక్టులను ఎడమ పెట్టెలో, ప్రశ్నను కుడివైపు కింది పెట్టెలో రాసి రన్ నొక్కాలి. లోడ్ చేసే మెట్టు వాళ్లకు అవసరం లేదు.

పేరు రాకుండా ట్రూ అని మాత్రమే వస్తోందా? గీతతో మొదలయ్యే వేరియబుల్ విలువలు చూపించని అమరిక మీ దగ్గర ఉందన్నమాట. ప్రశ్నలో మాత్రం _ఎవరు బదులు ఇంగ్లిష్ పెద్ద అక్షరం ఎక్స్ రాయండి. ఫైలులో ఏమీ మార్చనక్కరలేదు.

విండోస్ కమాండ్ కిటికీలో గుణింతాలు విడిపోయినట్టో, డబ్బాలుగానో కనబడితే కంగారుపడకండి. అది ఫాంట్ లోపం, ప్రోగ్రామ్ సరిగానే నడుస్తుంది. చదవలేకపోతే స్విష్‌కు మారండి. ఎంటర్ నొక్కినా జవాబు రాకుండా నిలువు గీత ఒకటి ఎదురుచూస్తుంటే, చుక్క మర్చిపోయారు. చుక్క పెట్టి మళ్లీ ఎంటర్ నొక్కండి.

4. రూల్స్ రాయడం

ప్రోలాగ్ పాఠ్యపుస్తకాల్లో చుట్టరికాల ఉదాహరణలు మామూలే. మన వరసలైతే వాటికి ఇంకా మంచి పరీక్ష, ఎందుకంటే మేనమామ, పెదనాన్న, బాబాయి ముగ్గురికీ మూడు వేర్వేరు షరతులు రాయాలి. ఫ్యాక్టుల కింద ఇవి చేర్చండి:

తోబుట్టువు(_ఒకరు, _ఇంకొకరు) :-
  తండ్రి(_నాన్న, _ఒకరు),
  తండ్రి(_నాన్న, _ఇంకొకరు),
  _ఒకరు \= _ఇంకొకరు.

మేనమామ(_మామ, _బిడ్డ) :-
  తల్లి(_అమ్మ, _బిడ్డ),
  తోబుట్టువు(_మామ, _అమ్మ),
  మగ(_మామ).

మేనత్త(_అత్త, _బిడ్డ) :-
  తండ్రి(_నాన్న, _బిడ్డ),
  తోబుట్టువు(_అత్త, _నాన్న),
  ఆడ(_అత్త).

మేనమరదలు(_పిల్ల, _పిల్లాడు) :-
  మేనమామ(_మామ, _పిల్లాడు),
  తండ్రి(_మామ, _పిల్ల),
  ఆడ(_పిల్ల), మగ(_పిల్లాడు).
మేనమరదలు(_పిల్ల, _పిల్లాడు) :-
  మేనత్త(_అత్త, _పిల్లాడు),
  తల్లి(_అత్త, _పిల్ల),
  ఆడ(_పిల్ల), మగ(_పిల్లాడు).

రెండు చుక్కలు, అడ్డగీత కలిసిన గుర్తును ‘కావాలంటే’ అని చదవండి. కామా అంటే ‘ఇంకా’. వాలుగీత, సమానం గుర్తు కలిస్తే ‘ఒకరే కాకూడదు’. ఒకే సంబంధానికి రెండు రూల్స్ ఉంటే ఏదో ఒకటి కుదిరినా చాలు.

ఫైలు సేవ్ చేసి మళ్లీ లోడ్ చేయండి. ఈ జవాబులు మీకు రావాలి:

మేనమామ(_ఎవరు, అభిమన్యుడు). అంటే బలరాముడు, కృష్ణుడు.
మేనమామ(_ఎవరు, అర్జునుడు). అంటే వసుదేవుడు.
మేనత్త(_ఎవరు, కృష్ణుడు). అంటే కుంతి.
మేనమరదలు(_ఎవరు, అభిమన్యుడు). అంటే శశిరేఖ.

చివర ఫాల్స్ అని వస్తే అది తప్పు కాదు, ఇంకెవరూ లేరని చెబుతోంది. ఇప్పుడు ప్రశ్నను తిప్పి వేయండి:

మేనమరదలు(సుభద్ర, _ఎవరు).

ధర్మరాజు, భీముడు, అర్జునుడు వరసగా వస్తారు. మీరు రాసిన రూల్ ఒక్కటే, రెండు దిక్కులా పనిచేసింది. ఎలా వెతకాలో మనం చెప్పలేదు, ఏది నిజమో మాత్రమే చెప్పాం. ప్రోలాగ్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. ఆ మూడు జవాబులూ మీ తెర మీద చూసేదాకా ముందుకు వెళ్లకండి.

పిల్ల వయసులో పెద్దదైతే వదిన అవుతుంది. ఆ షరతు నేను వదిలేశాను. తరవాతి మెట్టు అయ్యాక మీరే చేర్చుకోగలరు.

5. పెద్ద, చిన్న తేడా

క్రమం(ధర్మరాజు, 1). క్రమం(భీముడు, 2).
క్రమం(అర్జునుడు, 3). క్రమం(నకులుడు, 4).
క్రమం(బలరాముడు, 1). క్రమం(కృష్ణుడు, 2).

పెదనాన్న(_పెద్ద, _బిడ్డ) :-
  తండ్రి(_నాన్న, _బిడ్డ),
  తోబుట్టువు(_పెద్ద, _నాన్న), మగ(_పెద్ద),
  క్రమం(_పెద్ద, _క1), క్రమం(_నాన్న, _క2),
  _క1 < _క2.

బాబాయి రూల్ ఇదే, చివరి గుర్తు తిరగేస్తే చాలు. అభిమన్యుడికి పెదనాన్నలు ధర్మరాజు, భీముడు, బాబాయి నకులుడు. శశిరేఖకు బాబాయి కృష్ణుడు. ధర్మరాజుకూ బలరాముడికీ 1 అనే ఇచ్చినా గొడవ లేదు, ఎందుకంటే పోలిక తోబుట్టువుల మధ్యే జరుగుతుంది. అంకెలు మామూలు 1, 2, 3 వాడండి.

6. తరాలు వెనక్కి వెళ్లడం

కన్నవారు(_పెద్ద, _బిడ్డ) :- తండ్రి(_పెద్ద, _బిడ్డ).
కన్నవారు(_పెద్ద, _బిడ్డ) :- తల్లి(_పెద్ద, _బిడ్డ).

పూర్వీకులు(_పెద్ద, _బిడ్డ) :- కన్నవారు(_పెద్ద, _బిడ్డ).
పూర్వీకులు(_పెద్ద, _బిడ్డ) :-
  కన్నవారు(_పెద్ద, _నడుమ),
  పూర్వీకులు(_నడుమ, _బిడ్డ).

పూర్వీకులు(_ఎవరు, అభిమన్యుడు). అని అడిగితే అర్జునుడు, సుభద్ర, శూరుడు, శూరుడు, వసుదేవుడు, పాండురాజు, కుంతి వస్తారు. శూరుడు రెండుసార్లు వచ్చాడని రూల్ సరిచేయబోకండి. అర్జునుడు పెళ్లాడింది మేనమామ కూతుర్ని. అభిమన్యుడికి శూరుడు కుంతి వైపునుంచీ వసుదేవుడి వైపునుంచీ ముత్తాతే. ప్రోలాగ్ మనుషులను కాదు, దారులను లెక్కపెడుతుంది. మేనరికాలు ఉన్న మీ సొంత వంశవృక్షం రాసినా ఇలాగే పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి.

చివరి రెండు షరతులనూ తారుమారు చేసి, పూర్వీకులు అన్నదాన్ని ముందు పెట్టారనుకోండి. జవాబులన్నీ వచ్చాక ప్రోలాగ్ తనలో తానే తిరుగుతూ, చివరికి స్టాక్ (అది పనికి వాడుకునే మెమరీ) నిండిందనే ఎర్రర్ ఇస్తుంది. తనను తానే పిలుచుకునే షరతు ఎప్పుడూ చివరనే ఉండాలి.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

కొత్తవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఎర్రర్ కాదు, నోరు మెదపని ఫాల్స్. దాని వెనక మూడు కారణాలు చూడండి.

మొదటిది అక్షరక్రమం. సంబంధం పేరు తప్పు రాస్తే, ఉదాహరణకు మేనమామ బదులు మేనమమ అంటే, అలాంటిది తెలియదని ప్రోలాగ్ ఎర్రర్ ఇస్తుంది. మనిషి పేరు తప్పు రాస్తే, కృష్ణుడు బదులు క్రిష్ణుడు అంటే, ఫాల్స్ అని ఊరుకుంటుంది. అందుకే పేర్లను మళ్లీ టైపు చేయకుండా కాపీ చేసుకోండి.

రెండోది షరతుల వరస. తోబుట్టువు రూల్లో ‘ఒకరే కాకూడదు’ అన్న షరతును మొదటికి తెచ్చి చూడండి. తోబుట్టువు(కృష్ణుడు, సుభద్ర). అంటే ట్రూ వస్తుంది, తోబుట్టువు(_ఎవరు, సుభద్ర). అంటే ఫాల్స్ వస్తుంది! ఇంకా ఎవరో తేలని మనిషి ఎవరితోనైనా ఒకటి కావచ్చు కాబట్టి ఆ షరతు అక్కడే ఓడిపోతుంది. పెదనాన్న రూల్లో అంకెల పోలికను ముందు పెడితే మాత్రం ఫాల్స్ కాదు, విలువలు తెలియలేదనే ఎర్రర్ వస్తుంది. పోల్చే షరతులన్నీ పేర్లు తేలిన తరవాతే.

మూడోది, మీరు చెప్పకపోవడం. మేనమామ(_ఎవరు, నకులుడు). అని అడగండి. ఫాల్స్! నకులుడి మేనమామ శల్యుడని మనకు తెలుసు, ఫైలుకు తెలియదు. ప్రోలాగ్ ఫాల్స్ అంటే ‘అబద్ధం’ అని కాదు, ‘మీరు చెప్పినదాన్నిబట్టి నిరూపించలేను’ అని. తోబుట్టువు రూల్ కిందనే ఈ రెండు చేర్చండి:

తోబుట్టువు(శల్యుడు, మాద్రి).
మగ(శల్యుడు).

మళ్లీ లోడ్ చేస్తే శల్యుడు వస్తాడు, దాంతోపాటు మగ ఫ్యాక్టులు ఒకచోట లేవనే హెచ్చరిక కూడా వస్తుంది. ప్రోగ్రామ్ నడుస్తుంది గానీ, ఆ వాక్యాన్ని పైనున్న మగ వరసలోకి జరపండి. ఒకే పేరుతో ఉన్నవన్నీ పక్కపక్కన ఉంచడం మంచి అలవాటు.

దీనికి ఎదురు సమస్య, సంబంధం లేనివాళ్లంతా జవాబుగా రావడం. అప్పుడు వేరియబుల్ పేర్లు చూడండి. ఒకచోట _నాన్న, ఇంకోచోట _నాన అని ఉంటే ప్రోలాగ్‌కు అవి ఇద్దరు మనుషులు. లోడ్ చేసినప్పుడు సింగిల్టన్ (రూల్లో ఒక్కసారే వచ్చిన వేరియబుల్) అనే మాటతో హెచ్చరిక వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఇవేవీ తేలకపోతే ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ట్రేస్ అని రాసి చుక్క పెట్టి, ఆపై ప్రశ్న వేయండి. ఏ షరతు దగ్గర ఫెయిల్ అయిందో ఒక్కో అడుగుగా చూపిస్తుంది.

7. ఓపిక ఉంటే: తెలుగు వాక్యాన్ని పరీక్షించడం

కోల్మెరావర్ బృందం ప్రోలాగ్‌ను తయారుచేసింది అసలు కంప్యూటర్‌తో ఫ్రెంచ్‌లో మాట్లాడటానికి. వ్యాకరణం రాసే వీలు అందుకే భాషలోనే ఉంది. కొత్త ఫైలులో:

వాక్యం --> కర్త(_లింగం), కర్మ, క్రియ(_లింగం).
కర్త(మగ) --> [రాముడు].
కర్త(ఆడ) --> [సీత].
కర్మ --> [లేడిని].
క్రియ(మగ) --> [చూశాడు].
క్రియ(ఆడ) --> [చూసింది].

వాక్యం([సీత, లేడిని, చూసింది], []). అంటే ట్రూ. చూసింది బదులు చూశాడు పెడితే ఫాల్స్, ఎందుకంటే కర్తకూ క్రియకూ ఒకే _లింగం ఉండాలన్నాం. వాక్యం(_మాటలు, []). అంటే ఈ వ్యాకరణానికి సరిపోయే రెండు వాక్యాలనూ అదే తయారుచేస్తుంది.

ఇక్కడ అందరూ మర్చిపోయేది చివరి ఖాళీ చదరపు బ్రాకెట్. బాణం గుర్తుతో రాసిన ప్రతి రూల్‌కూ ప్రోలాగ్ లోపల రెండు జాబితాలు జతచేస్తుంది: చదవాల్సిన మాటలు, చదివాక మిగిలేవి. రెండోది ఇవ్వకపోతే అలాంటి వాక్యం తెలియదంటూ ఎర్రర్ వస్తుంది. మాటల మధ్య కామాలు లేకపోయినా ఎర్రరే.